వరండాలోకి వచ్చిన ఫ్రిజ్

ఆగండాగండి, ఎక్కడికీ వెళ్ళకండి! చేతిలో పనుంటే పక్కన పెట్టండి, కాఫీ ఉంటే తాగుతూనే వినండి. ఇది లెక్కల మాస్టారి ఇంట్లో ఫ్రిజ్ కారిన కథ. ఫ్రిజ్ కారడం కూడా ఒక కథేనా అంటారేమో. ఆ కాసిని నీళ్ళలో సాయంత్రానికల్లా ఒక ఉద్యోగం, ఒక అద్దె ఇల్లు, స్టాఫ్‌రూమ్ గోడ గడియారం ఎలా కొట్టుకుపోయాయో చెబుతాను, అప్పుడనండి.

మాస్టారి భార్య నర్సు. ఆస్పత్రిలో ఆమెని అందరూ సిస్టర్ అంటారు. ప్రపంచం మొత్తంలో ఆ పిలుపు కుదరని మనిషి మాస్టారు ఒక్కరే కాబట్టి ఆయన "నర్సమ్మా" అంటారు. ఆమె ఈయన్ని "మాస్టారూ" అంటుంది, కోపమొచ్చినప్పుడు కూడా. ఆరు నెలల క్రితం నర్సమ్మని వేరే ఊళ్ళో పెద్దాస్పత్రికి వేశారు. ఆపరేషన్ థియేటర్లో పని. అందరికీ దొరికేది కాదు. ఇప్పుడు అక్కడే ఉండిపోతుందో, వెనక్కి వచ్చేస్తుందో తేల్చి చెప్పాలి.

"నువ్వేమంటావు?" అని ఆమె ఫోన్లో అడుగుతూనే ఉంది. మాస్టారి గొంతు దాకా వచ్చేది ఒకటే మాట, "వచ్చెయ్" అని. కానీ తన నోటి మాట వల్ల ఆమెకి మంచి పని పోతుందేమోనని భయం. అందుకని, "నీ ఇష్టం" అనేవారు. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆ ఖాళీలో వంటింటి ఫ్రిజ్ గుర్రు ఒక్కటే వినిపిస్తుండేది.

"ఫ్రిజ్ పక్కనే నిల్చున్నావా?"

"ఆఁ."

"సరే, పెట్టేస్తున్నా."

పెట్టేది కాదు. ఈయనా పెట్టేవారు కాదు. అటు ఆమె, ఇటు ఈయన, ఇద్దరి తరఫునా ఫ్రిజ్ చాలాసేపు మాట్లాడుతూ ఉండేది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఫ్రిజ్‌లో నర్సమ్మ పెట్టి వెళ్ళిన ప్రతి వస్తువూ పెట్టినచోటే ఉంది. జామ్ సీసా అదే మూల, నిమ్మరసం సీసా అదే మూల. పై అరలో, వెనక గోడకి ఆనించి ఆమె చిన్న స్టీలు గిన్నె. నైట్ డ్యూటీ చేసొచ్చాక కళ్ళ మీద పెట్టుకోడానికి తడి దూది ఉండలు అందులో ఉంచుకునేది. ఆ గిన్నెని కూడా మాస్టారు అంగుళం జరపలేదు. "అన్నీ నువ్వు పెట్టినట్టే ఉన్నాయి" అని ఆమెకి ఫోన్లో గొప్పగా చెప్పుకునేవారు.

సరే, ఇక ఆ ఆదివారం. నర్సమ్మ సాయంత్రం బండికి వస్తోంది, నాలుగు రోజులు సెలవట. మాస్టారి ప్లాను చాలా సింపుల్. పొద్దున్నే ఇల్లు కడగడం, ఆమెకి ఇష్టమైన కస్టర్డ్ చల్లబరచడం, స్టేషన్‌కి వెళ్ళడం, ఆమె బండి దిగగానే "వచ్చెయ్, నువ్వు లేకపోతే నాకు కుదరడం లేదు" అనేయడం. ఈ ఒక్క వాక్యాన్ని ఆయన రాత్రంతా బట్టీ పట్టారు. పొద్దున ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందు నిలబడి ఇంకోసారి అప్పజెప్పుకుంటుంటే కాళ్ళకి ఏదో చల్లగా తగిలింది.

చూస్తే నీళ్ళు! కూరగాయల సొరుగు లాగితే అడుగున చిన్న చెరువు. అందులో ఒక టమాటా ఏ బాధ్యతా లేనట్టు తేలుతోంది. మాస్టారు తువ్వాలు పెట్టి తుడిచారు. పిండి, మళ్ళీ తుడిచారు. కస్టర్డ్ ఉడికించి తిరిగొచ్చేసరికి చెరువు మళ్ళీ నిండింది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "ఇవాళ ఆదివారం సార్, రేపు చూద్దాం" అన్నాడు.

"రేపటికి కుదరదయ్యా, మా ఆవిడ ఇవాళే వస్తోంది."

"మేడమ్ వచ్చాక ఎలాగూ తిడతారు కదా సార్. ఏదో ఒకదానికి. ఇది కూడా అందులో కలిసిపోతుంది."

మాస్టారికి పౌరుషం వచ్చింది. ఫోన్లో వీడియో పెట్టారు. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన, "ఫ్రిజ్ లోపల నీళ్ళు నిలుస్తుంటే ముందుగా అది సమంగా నిలబడి ఉందో లేదో చూడండి" అన్నాడు. అంతే, మాస్టారు వీడియో ఆపేశారు. క్లాసులో "లెక్క మొత్తం చదివాకే మొదలుపెట్టండ్రా" అని చాక్‌పీసులు అరిగేలా చెప్పే మనిషి, మొదటి ముక్క వినగానే జవాబు దొరికిపోయిందనుకున్నారు! పదో తరగతి లెక్కల పుస్తకం తెచ్చి ఫ్రిజ్ వెనక కాళ్ళ కింద దూర్చారు. వెనక ఎత్తయితే నీళ్ళు ఎటొస్తాయండీ? ముందుకే వస్తాయి. వచ్చాయి. మాస్టారి పాదాలు దాటి, వంటిల్లు దాటి, హాల్లో చాప తడిపి, పడగ్గదిలో కింద పరిచి ఉన్న పరుపు కిందికి నెమ్మదిగా వెళ్ళిపోయాయి.

పరుపు తీసుకెళ్ళి వరండా గోడ మీద ఆరేశారు. చాప దాని పక్కన వేశారు. తడి తగలకుండా హాల్లో కుర్చీలు కూడా వరండాలో పెట్టారు. ఇక ఫ్రిజ్ వెనక ఏముందో చూద్దామంటే అది సందులో ఇరుక్కుని ఉంది. బయటికి లాగాలి. లాగాలంటే ముందు లోపలివన్నీ తీయాలి. అందుకని ప్లగ్గు పీకేశారు.

ప్లగ్గు పీకగానే ఇల్లంతా ఒక్కసారి చిన్నబోయింది. ఆ గుర్రు ఆగితే ఎలా ఉంటుందో ఈ ఆరు నెలల్లో ఆయనకి తెలీనే తెలీదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏం మాస్టారూ, ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే."

"అబద్ధం. ఫ్రిజ్ ఏదీ? గుర్రు లేదేం?"

అన్నీ నువ్వు పెట్టినట్టే ఉన్నాయని ఆరు నెలలు చెప్పిన నోటితో చెరువు సంగతి ఎలా చెప్పడం? "పడుకుంది" అన్నారు.

"ఫ్రిజ్ పడుకుందా?"

"ఆదివారం కదా."

ఆమె నవ్వలేదు. "నీతో ఒక మాట చెప్పాలి. ఫోన్లో కాదు, ఎదురుగా" అంది.

"నేనూ చెప్పాలి" అన్నారు మాస్టారు.

తర్వాత ఎప్పటిలాగే ఖాళీ వచ్చింది. ఈసారి అందులో ఏ చప్పుడూ లేదు. "సరే, పెట్టేస్తున్నా" అంది నర్సమ్మ. నిజంగానే పెట్టేసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి!

అక్కడే ఉండిపోతానని చెప్పడానికే వస్తోందేమో. ఎదురుగా చెప్పాల్సిన మాట ఇంకేముంటుంది? అయినా సరే, చల్లటి కస్టర్డ్ తిన్నాక చెప్పనీ అనుకుని మాస్టారు, స్టీలు గిన్నెని మాత్రం ఉన్నచోటే వదిలి, మిగతా డబ్బాలు చేతుల నిండా ఎత్తుకుని మేడ మెట్లెక్కారు.

మేడ మీద ఇంటిగలావిడ ఉంటుంది. వీధంతా ఆవిణ్ణి రేడియో పిన్ని అంటారు. ఎందుకంటే ఆవిడ చెప్పేది అందరికీ వినబడుతుంది, మనం చెప్పేది ఆవిడకి చేరదు.

"పిన్నిగారూ, ఇవి కాస్త మీ ఫ్రిజ్‌లో..."

"అయ్యయ్యో, గుడ్లు కూడా ఇచ్చేస్తున్నావా అబ్బాయ్! అంతేలే, దార్లో పగిలిపోతాయి. నేను ఎప్పుడో అనుకున్నా, పెళ్ళాం ఒక ఊరు, నువ్వొక ఊరు, ఎన్నాళ్ళిలా అని. మంచి పని చేస్తున్నావు. వెళ్ళు నాయనా, వెళ్ళు, ఇంకా చాలా సర్దుకోవాలి నువ్వు."

"అది కాదు పిన్నిగారూ, కింద నీళ్ళు..."

"నీళ్ళదేముంది, ఏ ఊరి నీళ్ళయినా నాలుగు రోజులు తాగితే అలవాటైపోతాయి."

కింద తువ్వాలు నానిపోతోంది, వాదించే తీరిక లేదు. మాస్టారు దిగి వచ్చేశారు. ఆయన నడుం విరిగేలా ఫ్రిజ్‌ని లాగి, హాలు తడిగా ఉంది కాబట్టి నేరుగా వరండాలోకి తెచ్చి నిలబెట్టారు. పైనుంచి పిన్ని తొంగి చూసింది. పరుపు, చాప, కుర్చీలు, ఇప్పుడు ఫ్రిజ్. ఆవిడకి ఇంక ఏ అనుమానమూ మిగల్లేదు. లోపలికెళ్ళి ఫోన్ అందుకుంది.

మాస్టారు ఫ్రిజ్ వెనక కూర్చుని, నల్లటి డబ్బాలాంటి దాన్నీ దాని మీదున్న పళ్ళేన్నీ చూస్తున్నారు. పళ్ళెం పొడిగా ఉంది. నీళ్ళు రావాల్సింది ఇక్కడికేనా, మరెందుకు రాలేదు అని బుర్ర గోక్కుంటుండగా గేటు చప్పుడైంది. హెడ్మాస్టారు! చంకలో గోడ గడియారం.

"చెప్పకుండా వెళ్ళిపోదామనే?" అన్నాడాయన.

"ఎక్కడికి సార్?"

"ఇంకా దాస్తున్నారా? రేడియో పిన్నిగారు మా ఆవిడకి అంతా చెప్పారు. ఇదుగో, ఇది మీకు. ఆదివారం కదా, కొట్లు లేవు. మన స్టాఫ్‌రూమ్‌లోదే తీసుకొచ్చేశా. ఏమీ అనుకోకండి."

"సార్, మీరు పొరబడ్డారు. ఇది ఫ్రిజ్ వల్ల..."

"ఒక్క నిమిషం, నన్ను చెప్పనివ్వండి." హెడ్మాస్టారు వరండాలో ఉన్న కుర్చీలో కూర్చుని గడియారం ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా ఆవిడా టీచరేగా. నా సర్వీసంతా నేనొక ఊరు, ఆవిడొక ఊరు. ఈ ఏడు ట్రాన్స్‌ఫర్, వచ్చే ఏడు ట్రాన్స్‌ఫర్ అనుకుంటూ గడిపేశాం. ఇప్పుడు ఒక ఇంట్లోనే ఉన్నాం. పొద్దున పేపర్ ఇద్దరం సగం సగం తీసుకుంటాం. 'టీ పెట్టనా' అంటుంది, 'పెట్టు' అంటాను. అయిపోయింది. ఏం మాట్లాడుకోవాలో తెలీదండీ. కలిసి ఉంటే వచ్చే మాటలు కదా అవి, మేం లేం. మీరు మాత్రం ధైర్యం చేశారు. నా వల్ల కాని పని."

ఇప్పుడు మీరే చెప్పండి, అలాంటి మనిషితో "లేదు సార్, ఇది కారుతోందని బయట పెట్టా" అని ఎలా అంటారు? మాస్టారు చేతిలో తడి గుడ్డ పట్టుకుని నోరు తెరిచారు. ఆ నోట్లోంచి ఆయనకే తెలియని మాట వచ్చింది.

"అవును సార్. వెళ్ళిపోతున్నా."

అన్నాక ఆయన గుండెల మీదనుంచి ఏదో బరువు దిగిపోయింది. ఆరు నెలలుగా "వచ్చెయ్" అనాలా వద్దా అని కొట్టుకుంటున్నారే గానీ, "నేనే వచ్చేస్తున్నా" అనొచ్చని తట్టనే లేదు! లెక్కలు ఎక్కడైనా చెప్పుకోవచ్చు. రెండూ రెండూ ఏ ఊళ్ళోనైనా నాలుగే.

"మీ క్లాసుల గురించి బెంగ పెట్టుకోకండి" అన్నాడు హెడ్మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. "మా మేనల్లుడికి ఫోన్ చేసేశా. రేపు పొద్దున్నే చేరిపోతున్నాడు."

ఇంత తొందర ఎందుకు సార్ అని అడిగేలోపు గేటు ముందు ఒక చిన్న వ్యాను ఆగింది. వ్యాను డ్రైవరూ, అతని భార్యా దిగారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళని చూడగానే తెలుస్తోంది, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నవ్వుతున్నారు.

"పిన్నిగారు పంపారండీ, ఇల్లు చూసుకోమని" అన్నాడు డ్రైవరు. "చూసి వెళ్ళిపోదామనే వచ్చామండీ. పరుపు మటుకు తెచ్చుకున్నాం. ఎలాగూ బండి ఖాళీగా వస్తోంది కదా అని."

అతని భార్య తిన్నగా పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపు వేసింది. తీసింది. మళ్ళీ వేసి లోపల గడియ పెట్టింది. లోపల్నుంచి కేక వేసింది, "ఏమండీ, తలుపు పడుతోందండీ!"

డ్రైవరు సిగ్గుపడ్డాడు. "మా ఇంట్లో అన్నయ్యలూ వదినలూ అందరం కలిసే ఉంటాం సార్. మా ఇద్దరికీ వంటింట్లో పక్క. మంచినీళ్ళకని రాత్రంతా ఎవరో ఒకళ్ళు దాటుకుంటూనే ఉంటారు."

లోపల తలుపు మళ్ళీ తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. ఆ చప్పుడు విని మాస్టారు దారికి అడ్డంగా ఉన్న కుర్చీ పక్కకి జరిపారు. "పరుపు దించుకోండి" అన్నారు. "జాగ్రత్త, హాల్లో తడిగా ఉంది."

ఇక మాస్టారి హుషారు చూడాలి! బట్టలు సంచిలో కుక్కారు. తడిసిన లెక్కల పుస్తకం ఎండలో పెట్టారు. ప్లాట్‌ఫాం మీద చెప్పాల్సిన వాక్యం మార్చేసి కొత్తది బట్టీ పట్టారు. చొక్కా మార్చుకుని గేటు దాకా వెళ్ళారో లేదో, ఎదురుగా ఆటో వచ్చి ఆగింది.

నర్సమ్మ. సాయంత్రం బండికని చెప్పి మధ్యాహ్నం బండికే వచ్చేసింది. ఆటోలోంచి ముందు ట్రంకుపెట్టె దిగింది. తర్వాత దుప్పట్ల మూట. తర్వాత ఒక ఎర్ర బకెట్టు. మాస్టారి కళ్ళు ఆ బకెట్టు మీద ఆగిపోయాయి. నాలుగు రోజుల సెలవుకి వచ్చేవాళ్ళెవరూ బకెట్టు తెచ్చుకోరు.

"మాస్టారూ, మన ఇంట్లో ఎవరది?" అంది నర్సమ్మ.

"ముందు నేను చెబుతా. నేను నీ దగ్గరికి వచ్చేస్తున్నా! స్కూలు వదిలేశా. ఇల్లు ఇచ్చేశా. వాళ్ళు పరుపు కూడా వేసేసుకున్నారు."

నర్సమ్మ ట్రంకుపెట్టె మీద కూలబడింది. "నేను మేట్రన్‌కి నిన్ననే చెప్పేశా, ఉండనని. నా పని మా జూనియర్‌కి ఇచ్చేశారు. హాస్టల్లో నా మంచం మీద ఇప్పుడు ఆ పిల్లే ఉంది."

"అయ్యో, ఎందుకూ? నేను నీ ఇష్టం అన్నానుగా!"

"అవును. నా ఇష్టమే చేశా."

పై నుంచి వంగి చూస్తున్న రేడియో పిన్ని ఫోన్ చెవి దగ్గర్నుంచి దించేసింది. హెడ్మాస్టారు గడియారాన్ని ఒళ్ళోంచి తీసి, మళ్ళీ చంకలో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలీక లేచి కుర్చీలో పెట్టాడు.

"అక్కడ గదిలో చప్పుడుండదు మాస్టారూ" అంది నర్సమ్మ నేల చూస్తూ. "నీ ఫోన్ పెట్టేస్తే నిద్ర పట్టేది కాదు. అందుకే పెట్టేదాన్ని కాదు. ఇవాళ ఫోన్లో ఫ్రిజ్ గుర్రు కూడా వినబడలేదు. ఏమయిందోనని బండి ఎక్కేశా." తలెత్తి ఫ్రిజ్ వైపు చూసింది. "అసలు ఇది బయటెందుకుంది?"

"కారుతోంది."

ఆమె లేచింది. అంతే, ట్రంకుపెట్టె మీద కూర్చున్న మనిషి వేరు, ఈ మనిషి వేరు. గాజులు పైకి తోసుకుని, ఫ్రిజ్ తలుపు తీసి, సొరుగులు బయటపెట్టి, లోపలి వెనక గోడ కింద చిన్న కాలువలాంటి చోట వేలు పెట్టి తడిమింది. "ఇక్కడో రంధ్రం ఉంటుంది. గోడ మీద కరిగిన నీళ్ళు ఇందులోంచే వెనక పళ్ళెంలోకి దిగాలి. ఇది మూసుకుపోయింది." బ్యాగులోంచి సూది లేని పెద్ద సిరంజి తీసింది. "గోరువెచ్చటి నీళ్ళు కావాలి."

"తెచ్చానండీ!" అంటూ డ్రైవరు భార్య గిన్నెతో వచ్చింది. "నా వంటింట్లో నేను మొదట కాచింది ఇవేనండీ."

ఆ "నా" అన్న మాట అందరికీ వినబడింది.

మొదటిసారి కొడితే నీళ్ళు వెనక్కి చిమ్మి నర్సమ్మ ముఖం తడిసింది. రెండోసారి లోపల ఏదో కదిలింది. ఆమె బ్యాగులోని చిన్న పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా బయటికి లాగింది. తెల్లగా, పొడుగ్గా, నానిపోయిన దూది. దాని వెనక ఇంకొంచెం.

"ఇది నా గిన్నెలో దూది కదూ? ఇన్నాళ్ళకి ఎండి గట్టిపడి ఉండాలే. ఇంత తడిగా ఉండి జారడమేంటి?"

మాస్టారు చొక్కా గుండీతో ఆడుకున్నారు. "తడిపేవాణ్ణి."

"ఎప్పుడు?"

"నీ ఫోన్ అయ్యాక. రోజూ కాసిని నీళ్ళు పోసేవాణ్ణి. ఒక్కోసారి ఎక్కువయ్యేవి, అంచు మీంచి పొంగేవి."

"ఎందుకు మాస్టారూ?"

"ఎండిపోతాయని."

స్టేషన్ కోసం బట్టీ పట్టిన రెండు వాక్యాలూ ఆయన మర్చిపోయారు. నర్సమ్మ ముఖం మీద ఫ్రిజ్ నీళ్ళు ఇంకా ఉన్నాయి, అందుకని వేరే ఏమైనా ఉన్నాయో లేదో ఎవరికీ తెలీలేదు. ఆ దూదిని పిండి, పారేయకుండా పై అరలో ఉన్న తన స్టీలు గిన్నెలో వేసింది. వెళ్ళి వరండా గోడకున్న సాకెట్‌లో ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, గుర్రుమంది. ఇద్దరూ ట్రంకుపెట్టె మీద పక్కపక్కన కూర్చుని దాన్ని వింటూ ఉండిపోయారు. వెనక పళ్ళెంలో మొదటి చుక్క టప్పుమని పడింది.

చాలాసేపటికి డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఏమీ అనుకోకండి. ఇది దారికి అడ్డంగా ఉంది. ఇంట్లోకి తోసెయ్యమంటారా, మా వ్యానెక్కించమంటారా?"

హెడ్మాస్టారు గడియారం వైపు చూశాడు. రేడియో పిన్ని తన ఫోన్ వైపు చూసుకుంది. లోపల పడగ్గది తలుపు మెల్లగా తెరుచుకుని, ఇంకా మెల్లగా మూసుకుంది. ఫ్రిజ్‌కేం, అది హాయిగా గుర్రు పెడుతోంది. మీరైతే ఎటు తోసేవారు?